మూడడుగుల మన్ను, రెండంగుళాల నీరు



గత సంవత్సరం ఆరు నెలలు అమెరికాలో మా అమ్మాయి ఇంట గడిపి తిరిగివచ్చి, అపార్ట్‌మెంటు తాళం తీయగానే మురుగు కంపు గుప్పుమన్నది. ఎలుక ఏదో చచ్చి ఉంటుందని మంచాల క్రింద, అలమరల వెనుక వెదికాము. కనబడలేదు. మరునాడు వచ్చిన ప్లంబరు తన సంచి కూడా విప్పలేదు. అతిథుల స్నానాలగదిలోకి పోయి, నేలమీది జాలీ ఎత్తి చూసి, చెంబెడు నీళ్ళు పోసి, “ట్రాపు ఎండిపోయిందండీ, అంతే” అన్నాడు. గంటలో కంపు పోయింది. ఇంతమాత్రానికి డబ్బేమిటని అతడు మొగమాటపడ్డాడు.

నలభై ఏళ్ళు వైద్యవృత్తిలో ఉన్నవాడిని. అంటువ్యాధుల చరిత్ర మీద మక్కువతో అంతో ఇంతో చదివినవాడిని. 2003లో హాంకాంగ్ నగరంలో ఏమి జరిగిందో తెలిసి కూడా నా ఇంటి ట్రాపు సంగతి మరచిపోయాను. ఆ సిగ్గుతో వ్రాస్తున్న వ్యాసమిది. ఇంటి మరమ్మతులకూ వైద్యానికీ సంబంధమేమిటని అడిగేవారికి మూడు నగరాల కథ చెబుతాను. మూడింటిలోనూ రోగాన్ని మోసినది మురుగే. దానికి దారి ఇచ్చినది మాత్రం ఎవరూ సకాలంలో బాగుచేయని ఒక చిన్న లోపం.

మొదటిది లండను. 1854 ఆగస్టు 31 రాత్రి సోహో ప్రాంతంలోని బ్రాడ్ వీథి చుట్టుప్రక్కల కలరా విరుచుకుపడింది. మొదటి మూడు దినాలలో 127 మంది మరణించారు. పది దినాలు గడిచేసరికి మృతుల సంఖ్య అయిదు వందలు దాటింది. చివరికి లెక్క 616కి చేరింది. దుర్గంధపు గాలి వలననే కలరా వస్తుందని నాటి పెద్దల నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు మాత్రం అది త్రాగే నీటి ద్వారా వస్తుందని వాదించేవాడు. ఈయన మత్తుమందులో నిపుణుడు. అంతకు ముందు సంవత్సరమే విక్టోరియా రాణికి ప్రసవ సమయంలో క్లోరోఫారం ఇచ్చినవాడు. చనిపోయినవారి ఇళ్ళను లెక్కవేసి చూస్తే వారిలో చాలామంది బ్రాడ్ వీథి చేతిపంపు నీళ్ళు త్రాగేవారేనని తేలింది. ఆ వీథిలోనే సారాయి బట్టీలో పనిచేసే డెబ్బై మందికి పైగా కూలీలలో ఎవరూ చావలేదు. వారికి యజమాని బీరు ఉచితంగా పోసేవాడు, లోపల సొంత బావి కూడా ఉండేది. (ఇది చదివి బీరుకు గుణాలు అంటగట్టవద్దని మనవి.) సెప్టెంబరు 7న స్నో స్థానిక పెద్దల సమావేశానికి వెళ్ళి తన లెక్కలు వారి ముందు పెట్టాడు. మరునాడు పంపు పిడి ఊడదీశారు.

పాఠ్యపుస్తకాలలో కథ ఇక్కడితో ముగుస్తుంది. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. పిడి తీసేనాటికే జనంలో చాలామంది ఇళ్ళు ఖాళీ చేసి పారిపోయారు, రోగం తగ్గుముఖం పట్టింది. ఆ మాట స్నో కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. పైగా, పంపు నీరే కారణమైతే ఆ నీటిలోకి కలరా ఎక్కడ నుండి వచ్చిందనే ప్రశ్నకు అప్పటికి జవాబు లేదు. బావిలోకి మనిషిని దింపి లోపలి నుండి పరీక్షిస్తే ఇటుక కట్టడం చెక్కుచెదరకుండా ఉన్నట్లు తోచింది.

జవాబు కనిపెట్టినవాడు వైద్యుడు కాడు. ఆ పేటలోని చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతగురువు. ఇతడు మొదట స్నో వాదాన్ని నమ్మలేదు. తప్పని నిరూపిద్దామనే ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గడపా ఎరిగినవాడు కనుక ఎవరు ఎప్పుడు ఏ నీళ్ళు త్రాగారో విసుగు లేకుండా అడిగి వ్రాసుకున్నాడు. తిరిగినకొద్దీ సాక్ష్యమంతా స్నో వైపే మొగ్గింది. మరుసటి సంవత్సరం మరణాల రిజిస్టరు తిరగేస్తుండగా ఒక పద్దు అతని కంటబడింది. 40వ నంబరు ఇంటిలో అయిదు నెలల పసిపాప, నాలుగు దినాల విరేచనాలతో, సెప్టెంబరు 2న మరణం. అంటే పాప జబ్బు పడినది వీథి అంతా పడిపోవటానికి ముందే. పైగా పంపు ఉన్నది సరిగ్గా ఆ ఇంటి ముందరే.

వైట్‌హెడ్ ఆ తల్లి వద్దకు వెళ్ళాడు. ఆమె భర్త థామస్ లూయిస్ పోలీసు కానిస్టేబులు. పాప గుడ్డలు బకెట్లలో నానబెట్టి, ఆ నీటిలో కొంత ఇంటి ముందరి మురుగు గుంటలో పారబోశానని ఆమె చెప్పింది. అప్పుడు త్రవ్వించారు. యార్క్ అనే సర్వేయరు ఈసారి బావిని కాక ఆ గుంటను, దాని కాలువను విప్పి చూశాడు. గుంట గోడల ఇటుకలు పట్టు వదిలి, బలం ఉపయోగించకుండానే చేతికి ఊడివచ్చాయి. కాలువ కట్టడమూ అదే తీరు. గుంటకూ బావికీ నడుమ ఉన్న మన్ను మూడు అడుగులకు తక్కువ. ఆ మన్ను మురుగు నాని నల్లబడి ఉన్నది. లోపలి నుండి చూస్తే చెక్కుచెదరని బావిలోకి వెలుపలి నుండి మురుగు ఊరుతూనే ఉన్నదన్నమాట.

ఇంకొక్క సంగతి చెప్పి లండను విడుస్తాను. ఆ పాప తండ్రి కలరాతో పడకవేసినది సెప్టెంబరు 8న. పంపు పిడి తీసినది కూడా ఆ దినమే. పదకొండు దినాలు తీసుకుని 19న అతడు మరణించాడు. అతని మలమూత్రాలు కూడా ఆ గుంటలోకే పోయేవి. పిడి ఊడదీసి ఉండకపోతే ఆ వీథి గతి ఏమయ్యేదో ఊహించండి. తగ్గిపోతున్న రోగానికి పిడి తీసినా తీయకున్నా ఒకటేనని వాదించేవారికి ఆ తేదీలే సమాధానం.

ఇది పరాయి దేశపు పాత ముచ్చట అనుకోవద్దు. మన కాలనీలలో నూరు, నూట యాభై గజాల స్థలాలలో ఇళ్ళు లేస్తున్నాయి. బోరు ఈశాన్యంలో వేస్తాము. సెప్టిక్ ట్యాంకును చాలామంది వాయవ్యంలో కట్టిస్తారు. మన హద్దులలో మనం శాస్త్రం పాటించినట్లే. కాని తూర్పు ప్రక్క ఇంటివారి వాయవ్యం వచ్చి ఆనుకునేది మన ఈశాన్యానికే! వారూ శాస్త్రం తప్పలేదు, మనమూ తప్పలేదు. నడుమ ప్రహరీ గోడ ఒకటి ఉన్నది. నేల క్రింద ఆ గోడ ఎంత లోతు ఉంటుందో మేస్త్రీనే అడగండి.

రెండవ నగరం షికాగో, 1933. ఆ ఏడు అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. లక్షలాది జనం వచ్చి హోటళ్ళలో దిగారు. ఇంటికి తిరిగిపోయాక పలువురికి రక్తవిరేచనాలు మొదలయ్యాయి. అమీబా జిగట విరేచనాలు ఉష్ణదేశాల జబ్బు అని అక్కడి వైద్యుల అభిప్రాయం. కొందరికి పెద్దప్రేగు పుండు అని, కొందరికి అపెండిసైటిస్ అని శస్త్రచికిత్సలు చేశారు. మొత్తం 1,409 మంది రోగులు, 98 మరణాలు లెక్కకు వచ్చాయి. మూలం వెదికితే ఒకే నీటి సరఫరాను పంచుకునే రెండు పాత హోటళ్ళ దగ్గర తేలింది. దశాబ్దాల తరబడి మార్పులు చేర్పులు చేస్తూ పోయిన గొట్టాలలో మురుగు నీటి వరుసకూ మంచినీటి వరుసకూ లంకెలు పడ్డాయి. త్రాగునీరు చల్లబరచే తొట్టి మీదుగా పోయే మురుగు గొట్టంలో ఒక రంధ్రాన్ని ఎప్పుడో కొయ్య బిరడాతో మూసి ఊరుకున్నారు. ఆ కొయ్య కుళ్ళింది. “ప్రస్తుతానికి పని జరిగిపోతుంది” అని చేసిన మరమ్మతు అది.

ఇక మూడవది, నా సిగ్గుకు కారణమైనది. దానికి ముందు ట్రాపు అంటే ఏమిటో చెప్పాలి. స్నానాలగది గొట్టం తిన్నగా మురుగులోకి పోతే మురుగు గాలి కూడా తిన్నగా ఇంటిలోకి వస్తుంది. 1775లో లండనులో స్థిరపడిన అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండు గడియారాల పనివాడు మరుగుదొడ్డికి పేటెంటు తీసుకుంటూ గొట్టాన్ని వంకర త్రిప్పాడు. ఆ వంపులో నీరు కొంత ఎప్పటికీ నిలిచిపోతుంది. నీరు దిగుతుంది, గాలి మాత్రం పైకి రాలేదు. రెండు వందల యాభై ఏళ్ళుగా ఇంతకు మించిన ఉపాయం ఎవరికీ తట్టలేదు. మన ప్లంబర్లు నహానీ ట్రాపు అని పిలిచేది ఈ కుటుంబంలోనిదే. ఇంటికీ మురుగుకూ మధ్య కాపలా రెండంగుళాల నీరు మాత్రమే. నీరు పోయకపోతే అది ఆవిరైపోతుంది.

2003 మార్చి 14న, మళ్ళీ 19న, మూత్రపిండాల వ్యాధి గల ముప్పైమూడేళ్ళ మనిషి ఒకడు హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే నివాస సముదాయంలో తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. ‘ఇ’ బ్లాకు ముప్పైమూడు అంతస్తుల భవనం, అంతస్తుకు ఎనిమిది ఇళ్ళు. అతనికి అప్పటికే సార్స్ సోకి ఉన్నది. విరేచనాలతో ఆ ఇంటి మరుగుదొడ్డి వాడాడు. ఏప్రిల్ 15 నాటికి ఆ సముదాయంలో 321 మంది సార్స్ రోగులయ్యారు. వారిలో నూటికి నలభై మందికి పైగా ‘ఇ’ బ్లాకు వారే. నలభై మందికి పైగా చనిపోయారు. మార్చి 31న బ్లాకును దిగ్బంధించి, మరునాడు మిగిలినవారిని విడిది శిబిరాలకు తరలించారు.

ఒకరి ముఖం ఒకరు ఎరుగని పై అంతస్తువారికి, క్రింది అంతస్తువారికి ఎలా అంటింది? ఒకదాని మీద ఒకటిగా ఉన్న ఇళ్ళ స్నానాలగదులన్నీ ఒకే నిలువు మురుగు గొట్టానికి కలిసి ఉన్నాయి. ప్రతి గదిలోను నేల మీది ట్రాపు ఉన్నది. కాని అక్కడివారు స్నానాలగది నేలను నీళ్ళు పోసి కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. చాలా ఇళ్ళలో ట్రాపులు ఎండిపోయి ఉన్నాయి. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేయగానే ఆ గది ఎండిన ట్రాపు గుండా మురుగు గొట్టంలోని గాలిని, వైరసు నిండిన సూక్ష్మ తుంపరలను పీల్చుకున్నది. ఫ్యాన్లు ఆ చిన్న గదికి అవసరమైన దానికి అనేక రెట్లు శక్తి గలవి. అవి తోసిన గాలి రెండు భవనభాగాల నడుమ ఉన్న ఇరుకు సందులో పైకి లేచి ఇతర కిటికీలలో దూరింది. నాల్గవ అంతస్తు వద్ద గాలి గొట్టానికి పగులు కూడా ఉన్నది. ఏది ఎంత కారణమన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య వాదాలు ఉన్నవి. ఎండిన ట్రాపును మాత్రం ఎవరూ కొట్టివేయలేదు.

బకెట్లతో నేల కడిగే మన అలవాటును చాదస్తమని నవ్వుకునేవాళ్ళం. అదే ఇన్నాళ్ళూ మన ట్రాపులను కాచింది. ఇప్పుడు మన ఇళ్ళలోకీ పొడి స్నానాలగదులు, మాపు కర్రలు వచ్చాయి. పిల్లలు విదేశాలలో, తాళాలు వేసిన ఫ్లాట్లు ఇక్కడ.

నా సొంత తప్పిదం మరొకటి చెప్పాలి. ఉద్యోగం కొత్తలో కోస్తా జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండగా ఒకే వీథి నుండి వాంతులు, విరేచనాల రోగులు వరుసగా వచ్చారు. మూడు దినాలు బల్లల మీద, నేల మీద పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించాను. ఒక వృద్ధురాలు దక్కలేదు. ఆ వీథికి వెళ్ళి చూడాలని నాకు తోచినది నాల్గవ దినాన. కుళాయి గొట్టం ప్రక్కకాలువ లోపలి నుండి పోతున్నది. అతుకు వద్ద సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉన్నది. నీళ్ళు వదిలినప్పుడు అక్కడ బుడబుడ బయటికి చిమ్మేవి. అందరూ అది నీరు వృథా కావడమే అనుకున్నారు. నీళ్ళు ఆపిన తరువాత గొట్టం ఖాళీ అవుతూ కాలువ నీటిని అదే సందు గుండా లోపలికి పీల్చుకుంటుందని ఫిట్టరు నాకు చూపించాడు. వైద్యకళాశాలలో ఎవరూ చెప్పని పాఠం. ఇళ్ళలో కుళాయికి తిన్నగా మోటారు బిగించి లాగితే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. అతుకు మార్చి క్లోరిన్ వేసిన తరువాత కొత్త రోగులు రాలేదు. రోజుకు ఒకటి రెండు గంటలే నీళ్ళు వచ్చే ఊళ్ళలో నేటికీ ఇదే భౌతికశాస్త్రం పనిచేస్తున్నది. కుళాయి వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన ప్రమాణాలు చెప్పడం వెనుక ఉన్న భయం ఇదే. మొదట వచ్చే రంగు నీటిని పట్టుకోకండి. అలా రోజూ వస్తుంటే కాచుకు త్రాగుతూనే ఫిర్యాదు చేయండి. బాగుచేసేవరకు వదలకండి.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని ముప్పై ఏళ్ళు నిలుపుకుని చూడమని ఎవరూ ఎందుకనలేదో!

సార్స్ తరువాత హాంకాంగ్ ఆరోగ్యశాఖ ప్రతి ఇంటివారికీ ఒక సలహా ఇచ్చింది: వారానికి ఒకసారి ప్రతి ట్రాపులోను అరలీటరు నీరు పోయండి. మా ఇంటిలో శనివారం దీపారాధన అయ్యాక మా ఆవిడ ఆ పని చేస్తున్నది. ఈ వేసవికి మళ్ళీ అమ్మాయి దగ్గరకు ప్రయాణం ఉన్నది. తాళంచెవి ప్రక్క ఫ్లాటు వారికి ఇచ్చి వెళుతున్నాము, తులసికోట కోసం ఒక చెంబు, స్నానాలగదుల కోసం మూడు చెంబులు అని కాగితం మీద వ్రాసిపెట్టి.