అంచు చెరిపిన కుర్రాళ్లు

1993 జూలై నెలాఖరు. ఫిన్లాండ్‌లో హెల్సింకీకి కాస్త ఉత్తరాన కెరవా అనే ఊరు. కంప్యూటర్ ప్రదర్శనల ‘అసెంబ్లీ’ పోటీ కోసం సొంత కంప్యూటర్లు మోసుకొచ్చిన కుర్రాళ్లతో హాలు నిండిపోయింది. పీసీ విభాగం మొదలైంది. తెర మీద అంతరిక్ష నౌకలు దూసుకొచ్చాయి. ఆ వెనకే బోలెడు చుక్కలు ఎగిరి పడ్డాయి, బొమ్మలు గిర్రున తిరిగాయి, సంగీతం దరువుకు తగ్గట్టు దృశ్యాలు మారిపోయాయి. చివర్లో ఒక నగరం మీదుగా విమానంలో వెళ్తున్నట్టే ఉంది.

అది వీడియో కాదు. 3డీ కార్డులు ఇళ్లలోకి రాని రోజులవి. చాలా దృశ్యాలను ఆ క్షణంలోనే లెక్కగట్టి గీస్తోంది ఒక మామూలు ప్రాసెసర్. ఆ ప్రదర్శన పేరు ‘సెకండ్ రియాలిటీ’. చేసింది ఫ్యూచర్ క్రూ బృందం. మొదటి బహుమతి వాళ్లదే.

వాళ్లకు ఈ విద్య నేర్పిన గురువు ఎవరంటే, నేను 1982లో వచ్చిన కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్ పేరే చెబుతాను. ఫ్యూచర్ క్రూ 1986లో పురుడు పోసుకున్నది దాని మీదే. 64 కిలోబైట్ల మెమరీ, సెకనుకు సుమారు పది లక్షల టిక్కుల వేగం, పదహారు రంగులు, ఒకేసారి మూడు స్వరాలు పలికే సౌండ్ చిప్. ఇంట్లో టీవీకి తగిలించి స్విచ్ వేస్తే చాలు, నీలి తెర మీద కర్సర్ మినుకుమంటూ ప్రోగ్రామ్ రాయమన్నట్టు నిలబడేది.

ఆ యంత్రం మీద ఐరోపా కుర్రాళ్లు ముందు చేసింది దొంగతనమే, దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. గేమ్‌ల తాళాలు పగలగొట్టి, కాపీలు పంచుకునేవారు. పగలగొట్టింది తామేనని చాటుకోవడానికి గేమ్ ముందు మారుపేర్లతో, కదిలే అక్షరాలతో చిన్న ‘ఇంట్రో’ తగిలించేవారు. పోనుపోను గేమ్ కన్నా ఇంట్రోయే గొప్పదైంది. చివరికి గేమ్‌ను వదిలేసి, బొమ్మా పాటా కలిపి డెమోలుగా కట్టడం మొదలుపెట్టారు. వాటి చుట్టూ అల్లుకున్న లోకమే డెమోసీన్.

కమోడోర్ తెర చుట్టూ ఒక రంగు అంచు ఉండేది. అందులో బొమ్మ వేయడం కుదరదని తయారీదారుల లెక్క. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. తెరను గీసే చిప్‌కు రెండు పద్ధతులున్నాయి. 24 అక్షర వరుసల పద్ధతిలో ఉంటే తెర మీద 247వ గీత దగ్గర కింది అంచు మొదలవ్వాలి. 25 వరుసలైతే 251వ గీత దగ్గర. 247 దాటేదాకా చిప్‌ను 25లో ఉంచి, 251 వచ్చేలోపు చటుక్కున 24కు మార్చారు. తిరునాళ్లలో మొదటి గేటు దగ్గర ‘టికెట్ రెండో గేటులో చూపిస్తా’ అని, రెండో గేటు దగ్గర ‘మొదటి గేటులోనే చూపించా’ అని చెప్పి లోపలికి దూరిపోవడం లాంటిదే ఇది. అంచు ఇక మొదలవ్వదు! ఖాళీ అయిన చోట స్ప్రైట్లు, అంటే కదిలే బొమ్మలు, ఆడుకున్నాయి. సెకనుకు యాభైసార్లు, ఒక్క గీత కూడా తప్పకుండా ఈ పని జరగాలి. యంత్రం నాడి తెలియనివాడికి ఇది సాధ్యం కాదు.

గేమ్ పరిశ్రమకు కావలసింది సరిగ్గా ఆ నేర్పే. స్వీడన్‌లోని వెక్షోలో, అమిగా కంప్యూటర్ మీద డెమోలు కట్టిన ‘ది సైలెంట్స్’ బృందం కుర్రాళ్లు 1992లో ‘పిన్‌బాల్ డ్రీమ్స్’ గేమ్ చేశారు. వాళ్లు పెట్టిన సంస్థే డైస్. పదేళ్లకు ‘బ్యాటిల్‌ఫీల్డ్ 1942’తో లోకమంతా దాని పేరు తెలిసింది. ఫ్యూచర్ క్రూ సభ్యులు కొందరు 1995లో రెమెడీ అనే గేమ్ సంస్థ పెట్టారు. దాని నుంచి 2001లో ‘మ్యాక్స్ పేన్’ వచ్చింది. తూటాలు నెమ్మదిగా సాగిపోయే ఆ పోరాటాలను మన ఇంటర్నెట్ సెంటర్లలో ఆడినవాళ్లు ఈ పాఠకుల్లోనూ ఉంటారు.

ఆ డెమోలు డబ్బు కోసం కట్టినవి కావు. సాటివాళ్ల మెప్పు కోసం పడ్డ శ్రమ అది. అలా తయారైన నైపుణ్యాన్ని అప్పట్లో ఏ కళాశాలా నేర్పలేదని నా గట్టి నమ్మకం.

సెకండ్ రియాలిటీ సోర్స్ కోడ్‌ను ఇరవయ్యేళ్లకు, 2013లో, ఫ్యూచర్ క్రూ అందరికీ విడుదల చేసింది. 2020లో ఫిన్లాండ్ డెమోసీన్‌ను తన సజీవ వారసత్వ సంపదల జాతీయ జాబితాలో చేర్చింది. మరుసటి ఏడాది జర్మనీ కూడా అదే పని చేసింది.