మిస్సోరీ ఒడ్డున పొద్దుతిరుగుడు

ఏప్రిల్ మొదటి వారంలో అమెరికాలోని మిస్సోరీ నది మీద గడ్డకట్టిన మంచు పగిలేది. నేల పదునుకు రాగానే అక్కడి మూలవాసులైన హిడాట్సా స్త్రీలు తోటల్లోకి దిగేవారు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కంటే ముందు వాళ్లు నాటేది పొద్దుతిరుగుడు. అన్నిటికంటే ముందు నాటినా, అన్నిటికంటే చివర కోసేదీ అదే.

ఈ వివరాలు చెప్పింది ఇప్పటి ఉత్తర డకోటాలో 1839 ప్రాంతంలో పుట్టిన హిడాట్సా రైతు, బఫెలో బర్డ్ వుమన్. గిల్బర్ట్ విల్సన్ అనే పరిశోధకుడు ఆమెను అడిగి రాసుకున్నాడు. ఆమె కొడుకు గుడ్‌బర్డ్ దుబాసీగా ఉన్నాడు. 1917లో అది పుస్తకంగా వచ్చింది.

పొద్దుతిరుగుడును తోట మధ్యలో కాదు, అంచుల వెంటే వేసేవారు. కుదురుకు మూడేసి గింజలు. కుదురుకూ కుదురుకూ మధ్య ఎనిమిది, తొమ్మిది అంగల ఎడం. అలా పలచగా చుట్టూ నిలబడితే తోట చూడ ముచ్చటగా ఉంటుందని కూడా ఆమె చెప్పింది. నలుపు, తెలుపు, ఎరుపు, చారలు: ఒక్కో రంగు గింజది ఒక్కో రకం. కోసిన పువ్వుల్ని ఇంటి కప్పు మీద బోర్లా పరిచి ఎండబెట్టి, కర్రతో కొట్టి గింజలు రాల్చేవారు. వాటిని వేయించి, పిండి కొట్టి, మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడితో కలిపి వండుకునేవారు. ఆ పిండితో చేసిన ఉండను యుద్ధానికి వెళ్లే మగవాళ్లు వెంట తీసుకెళ్లి, అలసినప్పుడు కొరుక్కునేవారు.

ఈ సాగు వాళ్లతో మొదలైంది కాదు. టెనెసీ రాష్ట్రంలోని హేయ్స్ అనే చోట తవ్వకాల్లో దొరికిన సాగు పొద్దుతిరుగుడు గింజలు నాలుగు వేల ఏళ్లకు పైబడినవి.

పదహారో శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఈ మొక్కను యూరప్‌కు తీసుకెళ్లారు. అక్కడ మొదట అది అలంకారానికే. గింజల్ని నూనె పంటగా మార్చింది రష్యా. గింజలో నూనె శాతాన్ని బాగా పెంచినవాడు క్రాస్నొదార్ శాస్త్రవేత్త పుస్తవోయిత్. 1969లో సోవియట్ రకాలు మన దేశానికి వచ్చాయి. తర్వాత రాయలసీమ నల్లరేగళ్లలోనూ ఈ పంట పాకింది.

హిడాట్సాల లైక్-ఎ-ఫిష్‌హుక్ ఊరి స్థలం, చుట్టుపక్కల తోటల నేలలు 1950ల్లో గ్యారిసన్ ఆనకట్ట వెనక నీళ్లలో మునిగిపోయాయి. అయినా హిడాట్సా పేరుతో ఉన్న విత్తనాన్ని అమెరికాలో పెరటి సాగుదారులు ఇప్పటికీ నాటుతున్నారు. నూనె పెంచిన ఘనత రష్యాదైతే, అడవి మొక్కను తోట మొక్కగా మార్చిన ఘనత అమెరికా మూలవాసులదే.