వాటర్‌షెడ్ హద్దు చరిత్ర: టోపోషీట్ నుంచి ఉపగ్రహం దాకా (తుష్నాబాద్ ఉదాహరణతో)

ఏడాదికి సుమారు 3000 మి.మీ. వాన పడే దక్షిణ అండమాన్‌లో వేసవికి తాగునీటి కటకట ఎందుకు? దీవి సన్నం, వాగులు పొట్టివి, కొండల వాలు ఎక్కువ. పడిన నీరు త్వరగా సముద్రంలో కలిసిపోతుంది. కాబట్టి ఫెరార్‌గంజ్ తహసీల్‌లోని తుష్నాబాద్ లాంటి ఊళ్లో చెక్‌డ్యామ్ కట్టాలంటే ముందు తేల్చాల్సింది: ఏ కొండ నీరు ఏ వాగులోకి వస్తుంది? ఆ హద్దు గీతే వాటర్‌షెడ్.

చేతి గీత కాలం
1767లో సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ త్రికోణమితి సర్వే మొదలుపెట్టాడు. తర్వాతి కాలపు టోపోషీట్లలో సమోన్నత రేఖలు చూసి, శిఖరాలను కలుపుతూ ఇంజినీర్లు పెన్సిల్‌తో హద్దు గీసేవారు. 1990 నాటి జాతీయ వాటర్‌షెడ్ అట్లాస్ దేశాన్ని 3237 వాటర్‌షెడ్లుగా విభజించింది.

విధానం మలుపు
సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫార్సులతో వచ్చిన 1994 మార్గదర్శకాలు సుమారు 500 హెక్టార్లను యూనిట్‌గా తీసుకున్నాయి. 2008 ఉమ్మడి మార్గదర్శకాలు దాన్ని 1000–5000 హెక్టార్లకు పెంచాయి. ఈయన ఆర్థికవేత్త. 'చతుర్విధ జల ప్రక్రియ' చెప్పిన ఇంజినీర్ టి. హనుమంతరావు వేరు. ఇద్దరినీ కలిపేయకండి.

కంప్యూటర్ గీత
1984లో ఓకల్లఘన్, మార్క్ ఎత్తుల గడుల నుంచి వాగుల జాలాన్ని రాబట్టే పద్ధతి ప్రచురించారు. తర్కం తేలిక. ముందు డేటాలోని దొంగ గుంటలు పూడ్చాలి. ప్రతి గడి నీరు చుట్టూ ఉన్న 8 గడుల్లో బాగా వాలున్న వైపు పోతుందనుకోవాలి. పై నుంచి ఎన్ని గడుల నీరు చేరుతుందో లెక్కించాలి. వాగుపై ఒక బిందువు ఎంచుకుంటే, దానికి నీరిచ్చే గడులన్నీ కలిసి వాటర్‌షెడ్. 30 మీటర్ల గడి అంటే 900 చదరపు మీటర్లు. 500 హెక్టార్లకు సుమారు 5,500 గడులు.

2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజుల్లో ఈ ఎత్తులు కొలిచింది. మనకు 2005లో ప్రయోగించిన కార్టోశాట్-1 నుంచి కార్టోడెమ్ వచ్చింది. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్‌లో అది దొరుకుతుంది.

అండమాన్‌లో చిక్కు
దట్టమైన అడవిలో రాడార్ కిరణాలు నేలను సరిగా చేరవు. నేల ఎత్తుకు చెట్ల ఎత్తు కొంత కలుస్తుంది. పైగా 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ సుమారు ఒక మీటరు కుంగింది, తీరపు పొలాలు మునిగాయి. షటిల్ డేటా అంతకు ముందుది. దాని పొరపాటే కొన్ని మీటర్లుంటుంది కాబట్టి ఆ ఒక్క మీటరు అందులో తేలదు. ఎత్తైన కొండ గట్టు మీద గీతను చాలావరకు నమ్మవచ్చు. మడ అడవుల పక్క పల్లంలో మాత్రం నేల మీద నడిచి సరిచూడాల్సిందే. వాగు గురించి ఊరి రైతుకు తెలిసింది అక్కడ డేటా కంటే విలువైనది.

ముగింపు
పెన్సిల్ పోయి ఉపగ్రహం వచ్చింది, పని వేగం పెరిగింది. కానీ మైదానాల కోసం పెట్టుకున్న కొలత దీవులకు అతకదు. 5000 హెక్టార్లంటే 50 చదరపు కిలోమీటర్లు. పొట్టి వాగుల దీవిలో చిన్న యూనిట్లే నయం.

సాధన ప్రశ్న: "వాటర్‌షెడ్ హద్దు సాంకేతిక గీత మాత్రమే కాదు, పాలనా నిర్ణయం కూడా." దీవుల సందర్భంలో చర్చించండి. (250 పదాలు)