ఎవరి తండ్రో ఇతను

1863 జూలై తొలి వారం. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. పోరు జరిగిన గెట్టీస్‌బర్గ్ ఊళ్లో ఓ వీధి పక్కన, ఖాళీ స్థలంలో ఒక సైనికుడి శవం దొరికింది. ఒంటిమీద పేరు లేదు, దళం గుర్తు లేదు. చేతిలో మాత్రం గాజుపలక మీద తీసిన ఓ ఫోటో. అందులో ముగ్గురు పిల్లలు.

అతని పేరు ఏమోస్ హ్యూమిస్టన్. న్యూయార్క్ రాష్ట్రంలోని పోర్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో గుర్రాలకు జీన్లు, పగ్గాలు కుట్టి బతికేవాడు. కుర్రతనంలో తిమింగలాల ఓడెక్కి మూడేళ్లకు పైగా సముద్రాలు తిరిగాడు. ఇక చాలనుకుని ఒడ్డుకొచ్చి పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇల్లాలు ఫిలిండాకు అది రెండో పెళ్లి. మొదటి భర్త చిన్న వయసులోనే పోయాడు. వైధవ్యం ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

1861లో అంతర్యుద్ధం మొదలైనప్పుడే వెళదామనుకున్నాడు. పెళ్లాం బిడ్డల్ని తలచుకుని ఆగిపోయాడు. అలా ఆగినవాడు ఆగినట్టే ఉండిపోతే ఎంత బాగుండేది! మరుసటి ఏడు అధ్యక్షుడు లింకన్ ఇంకో మూడు లక్షల మందిని సైన్యంలోకి రమ్మన్నాడు. మీ వాళ్లను మేం చూసుకుంటామని ఊరివాళ్లు భరోసా ఇచ్చారు. ఆ మాట పట్టుకుని అతను 154వ న్యూయార్క్ దళంలో చేరాడు.

శిబిరం నుంచి ఉత్తరాలు రాసేవాడు. చదువు అంతంతమాత్రం, అడుగడుగునా అక్షరదోషాలు. ఇంటిమీద బెంగకు మాత్రం ఆ దోషాలు అడ్డం రాలేదు. ఒకసారి భార్యకు పద్యం కూడా అల్లి పంపాడు. 1863 మే నెలలో ఛాన్సలర్స్‌విల్ పోరులో ఒక తూటా పక్కటెముకలకు తగిలింది. కాని అది ఊపు చచ్చిన తూటా, లోపలికి దిగలేదు. అదృష్టవంతుణ్ననుకుని ఉంటాడు. అది కాస్త గట్టిగా తగిలి, గాయంతో ఇంటికి పంపేసి ఉంటే అని మనకిప్పుడు అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఫిలిండా పంపిన పిల్లల ఫోటో చేరింది. నువ్వు ఇంకేం పంపినా ఇంత సంతోషం కలిగేది కాదని, వాళ్లనూ నిన్నూ చూడాలని ఉందని ఆమెకు రాశాడు. అప్పటికి మిగిలింది రెండు నెలలు కూడా కాదు.

జూలై 1 మధ్యాహ్నం, గెట్టీస్‌బర్గ్. అతని దళం గుట్టమీద వెనక వరసలో ఉంది. ముందు వరసలు విరిగి ఊళ్లోకి పరుగెత్తుకొస్తుంటే, వాళ్లకు కాపుగా వీళ్లను ఊరి చివర ఇటుకల బట్టీ దగ్గరికి పంపారు. ఎదుటివాళ్ల సంఖ్య ఎన్నో రెట్లు. వెనక్కి మళ్లేసరికి దారి మూసుకుపోయింది. చాలామంది బందీలయ్యారు. వాళ్లలో కొందరు తరవాత చెరలోనే కన్నుమూశారు కాబట్టి, లొంగిపోతే బతికేవాడని గట్టిగా అనలేం. అతను ఊరివైపు కొంత దూరం రాగలిగాడు. తూటా తగిలి పడిపోయాక, ఫోటో తీసి చూసుకునే పాటి ఊపిరి మాత్రం మిగిలింది.

ఆ ఫోటో ఒక పూటకూళ్ల ఇంటికి చేరింది. క్షతగాత్రులకు వైద్యం చేయడానికి వెళుతున్న బోర్న్స్ అనే డాక్టర్ బండి దారిలో పాడై, ఆయన అక్కడ ఆగాడు. ఫోటో చూసి, ఆ పిల్లలెవరో కనుక్కోవాలని వెంట తీసుకెళ్లాడు. ఆ బండి పాడవకపోతే ఈ కథ మనదాకా వచ్చేదే కాదు. ఆ రోజుల్లో పత్రికల్లో ఫోటోలు అచ్చు వేసే వీలు లేదు. అందుకే ఫిలడెల్ఫియా పత్రిక ఒకటి పిల్లల్ని మాటల్లోనే వర్ణించింది: ముగ్గురిలో చిన్నవాడు మధ్యలో, పెద్దవాడి చొక్కా, చెల్లెలి గౌను ఒకే గుడ్డవి. నవంబరుకు ఆ వర్ణన పోర్ట్‌విల్ చేరింది. ఆ గుడ్డ ఏదో తల్లికి తెలియదా? ఎనిమిదేళ్ల ఫ్రాంక్, ఆరేళ్ల ఆలిస్, నాలుగేళ్ల ఫ్రెడ్. ఆమె మళ్లీ విధవరాలైంది.

ఆ ముగ్గురి బొమ్మల ప్రతులు అమ్మిన డబ్బుతో, చందాలతో 1866లో గెట్టీస్‌బర్గ్‌లోనే సైనికుల అనాథలకు ఆశ్రమం తెరిచారు. ఫిలిండా అక్కడే పని చేసింది, పిల్లలు అక్కడే పెరిగారు. 1869లో ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని ఊరు విడిచింది. ఆ తరవాత వచ్చిన పర్యవేక్షకురాలు పిల్లల్ని నేలమాళిగలో గొలుసులతో కట్టేసేదన్న సంగతి బయటపడింది. డాక్టర్ బోర్న్స్ మీద ఆశ్రమం డబ్బు కాజేశాడన్న ఆరోపణలొచ్చాయి. 1877లో ఆశ్రమం మూతపడింది. చచ్చిన తండ్రుల పేరు చెప్పి బతికున్న పిల్లల్ని హింసించడం, ఇటుకల బట్టీ దగ్గర జరిగినదానికన్నా నీచం.

ఏమోస్ సమాధి గెట్టీస్‌బర్గ్ జాతీయ శ్మశానంలో, న్యూయార్క్ వరసల్లో ఉంది, పేరుతో సహా. అదే శ్మశానంలో పేరు తెలియనివి 979 ఉన్నాయి. వాషింగ్టన్ నుంచో, న్యూజెర్సీ నుంచో మన తెలుగువాళ్లు ఎవరైనా అటు వెళితే, ఆ రాళ్ల దగ్గర కూడా కాసేపు ఆగండి.