పెట్టెలోని గాలి, మంద్రనాదము

హైదరాబాదులోని అమీర్‌పేటకును శబ్దవిద్యకును గల చుట్టరికము నేటిది కాదు. ఇచ్చటి సారథీ స్టూడియోలో నిర్మితమై 1959లో విడుదలయిన 'మా ఇంటి మహాలక్ష్మి', పూర్తిగా హైదరాబాదులోనే తీసిన తొలి తెలుగు చిత్రముగా ప్రసిద్ధి. శబ్దమును పట్టి నిలుపుట ఒక విద్య. దానిని చెడకుండ వినిపించుట వేరొక విద్య. అందు మృదంగపు ఎడమవైపు నాదమువంటి మంద్రధ్వనులను వినిపించుట మిక్కిలి కష్టము. ఆ కష్టము తీర్చిన పెట్టె కథను మనము తెలిసికొందము.

లౌడుస్పీకరు ముందునకు కదలినపుడు వెనుకవైపునను ధ్వని పుట్టును. అది ముందరి ధ్వనికి ఎదురై మంద్రమును అణచివేయును. వెనుకభాగమును పెట్టెతో మూసినచో ఈ విరోధము తొలగును గాని, ఆ శక్తి వ్యర్థమగును. బెల్ టెలిఫోను ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ తూరస్ పెట్టెకు ఒక గొట్టము అమర్చి, ఆ శక్తిని ముందరి ధ్వనికి తోడుచేసెను. 1930లో పేటెంటు కోరి 1932లో పొందెను. ఖాళీ సీసా మూతిపై ఊదినపుడు మ్రోగునది గాజు కాదు, లోని గాలి. 1863 నాటి గ్రంథమున జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ చర్చించిన అనునాదమిదియే. గొట్టములోని గాలి బరువువలెను, పెట్టెలోని గాలి స్ప్రింగువలెను పనిచేయును.

1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ తీల్, పిమ్మట 1972-73లో రిచర్డ్ స్మాల్, స్పీకరు గుణములనుబట్టి పెట్టెను గణించు పద్ధతిని స్థిరపరచిరి. 50 లీటర్ల పెట్టెకు 10 సెంటీమీటర్ల వ్యాసముగల గొట్టము సుమారు 31 సెంటీమీటర్ల పొడవున్నచో, సెకనుకు 35 కంపనములవద్ద శ్రుతి కుదురును. గొట్టము కురుచయైన శ్రుతి పైకెక్కును, పొడవైన దిగును. శ్రుతి స్పీకరు గుణమునకు తగనిచో ఒకే స్వరము గుమ్మని మ్రోగి తక్కినవానిని కప్పివేయును. శ్రుతికి దిగువ స్వరములలో గాలి ఆసరా తప్పి స్పీకరు హద్దుమీరి కదలును.

ఈ మాట పెట్టెకే పరిమితము కాదు. మంద్రధ్వని గోడలను సులభముగా దాటును. అమీర్‌పేటకు పొరుగుననున్న పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి కలదు. ఆసుపత్రుల చుట్టును కనీసము 100 మీటర్ల ప్రాంతమును నిశ్శబ్దమండలముగా ప్రకటింపవచ్చునని 2000 నాటి శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజే శబ్దయంత్రములను నిషేధించిరి. పాటకు మంద్రము పునాది. పునాది ఇంటిని మోయవలెను గాని, పొరుగింటి గోడలను కదలించరాదు.