తాత్కాలిక గతి: పంచాంగమునుండి బ్యారేజివరకు

విజయవాడనుండి విశాఖపట్టణమునకు రైలుమార్గమున సుమారు 350 కిలోమీటర్లు. ఒక బండి యీ దూరమును 6 గంటలలో గడచినయెడల దాని వేగము గంటకు 58 కిలోమీటర్లకు కొంచెమెక్కువ యని పిల్లలు వెంటనే లెక్కగట్టి చెప్పుదురు. లెక్కలో తప్పులేదు. కాని యా బండి యేలూరు ప్లాటుఫారమువద్ద నిలిచియున్నపుడు దాని వేగము సున్న. స్టేషను విడిచి పొలములనడుమ పరువెత్తునపుడు దాని వేగము 58కి మిగుల నెక్కువ. ప్రయాణమంతటికిని గలిపి చెప్పిన మొదటిదానిని సరాసరి వేగమనియు, ఒక్కొక్క క్షణమునకు వేరువేరుగా నుండు రెండవదానిని తక్షణ వేగమనియు పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి.

ఈ పాఠము చెప్పుచుండగా మా తరగతిలో నొక బాలిక లేచి, "మాస్టారూ, క్షణంలో కాలమే గడవదు కదండీ. కాలం గడవకపోతే బండి కదలదు. దూరమూ సున్నే, కాలమూ సున్నే అయితే ఇక వేగం ఎక్కడిదండీ?" అని యడిగినది. తరగతి నవ్వినది. మేము నవ్వలేదు. ఏలయన, ఆ ప్రశ్న గొప్ప గొప్ప బుద్ధిమంతులను శతాబ్దములతరబడి నిలువరించిన ప్రశ్న. దాని చరిత్రము మన యిండ్లలోని పంచాంగమునకును, మన కృష్ణాతీరమునకును గూడ సంబంధించినది.

ఉగాదినాడు మనము పంచాంగము కొందుము. ఏకాదశి యెన్ని గడియలున్నదో, అమావాస్య యెప్పుడు వచ్చునో దానిలో జూచుకొందుము. సూర్యునినుండి చంద్రుడు 12 భాగలు దూరము జరుగుటకు బట్టు కాలము ఒక తిథి. చంద్రుని గతి సరాసరిని దినమునకు 13 భాగల 10 కలలు. కాని చంద్రుడు నిత్య మీ వేగముననే నడువడు. ఒకప్పుడు దినమునకు 12 భాగలకంటె దక్కువగను, మరియొకప్పుడు 15 భాగల కెక్కువగను నడచును. కావున సరాసరిని నమ్మి తిథ్యంతమును గణించినచో గడియలు తప్పును.

ఈ చిక్కును 1114లో జన్మించిన భాస్కరాచార్యుడు చక్కగా గుర్తించెను. 1150లో ముగించిన సిద్ధాంతశిరోమణిలో నాతడు రెండు విధములగు గతులను వేరుచేసెను. నేటి స్ఫుటగ్రహమునకును రేపటి స్ఫుటగ్రహమునకును గల యంతరము స్థూలగతి. ఆ సమయమునకే చెందిన గతి సూక్ష్మగతి. దానికే తాత్కాలిక గతి యని పేరు. నేటి తెలుగున తాత్కాలిక మనగా కొంతకాలమే యుండునది యని యర్థము స్థిరపడినది. భాస్కరుని మాటలో 'తత్కాలము' అనగా ఆ కాలమే, ఆ క్షణమే. తిథ్యంతము దూరముగా నున్నచో స్థూలగతితో గణింపవచ్చుననియు, దగ్గరగా నున్నచో తాత్కాలికగతినే గ్రహింపవలయుననియు నాతడు చెప్పెను. చంద్రుని గతి పెద్దది, క్షణక్షణమును మారునది యగుటయే దీనికి గారణము.

ఇంతమాత్రమున, కలనగణితమంతయు మనవారే ముందుగా గనుగొనిరని చాటుకొనుట న్యాయము కాదు. భాస్కరుడు జ్యోతిషమునకు గావలసినంతవరకు దారివేసెను. ఆ బాలిక యడిగిన మూలప్రశ్న నాతడు విడదీయలేదు. యూరపుఖండమున 1335లో ఆక్సుఫర్డు విద్వాంసుడగు విలియం హేట్స్‌బరీ తక్షణవేగమునకొక లక్షణము చెప్పెను: ఆ క్షణముననున్న వేగమే మారక నిలిచినచో, కొంత నియతకాలములో నెంతదూరము పోవునో, ఆ దూరమే దానికి గొలత. 17వ శతాబ్దమున న్యూటను, లైబ్నిట్జులు దానిని గణించు సాధనమును నిర్మించిరి. ఆ సాధనమునకు దృఢమైన పునాది 1821లో ఫ్రెంచి గణితజ్ఞుడగు కోషీ గ్రంథముతోగాని యేర్పడుట కారంభింపలేదు. ఎవరిపాలు వారికిచ్చుటయే చరిత్రధర్మము.

ఇక బాలిక ప్రశ్నకు సమాధానము. మన తీరమున కొబ్బరిచెట్లకు గొదువలేదు. గాలి యడ్డును విడిచి లెక్కించినచో, చెట్టునుండి రాలిన కాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకనులు ముగియునప్పటికి మొత్తము 19.6 మీటర్లు పడును. ఒక సెకను ముగిసిన క్షణమున దాని వేగమెంత? ఆ క్షణమునుండి యొక సెకనుకాలము దీసికొన్నచో సరాసరి సెకనుకు 14.7 మీటర్లు. సెకనులో పదవవంతు దీసికొన్నచో 10.29. నూరవవంతునకు 9.849. వేయవవంతునకు 9.8049. కాలము కురుచయైనకొలది యా సంఖ్య 9.8ని సమీపించుచున్నది. మేము కాలమును సున్న చేయలేదు, సున్నవైపు నడపితిమి. సరాసరులన్నియు నే సంఖ్యను జేరవచ్చుచున్నవో, అదియే యా క్షణపు వేగము. సున్నను సున్నతో భాగింపవలసిన పనియే లేదు.

ఆ కాయ క్రిందనున్నవాని తలపై బడినదనుకొందము. రెండు సెకనుల పతనములో దాని సరాసరి వేగము సెకనుకు 9.8 మీటర్లే. కాని తలకు దగులు క్షణమున దాని వేగము 19.6 మీటర్లు, అనగా గంటకు 70 కిలోమీటర్లు. తలను బగులగొట్టునది సరాసరి కాదు. రహదారిపై మోటారుబండ్ల విషయమును నింతియే. "మొత్తముమీద మెల్లగానే వచ్చితిని" అను డ్రైవరుమాట, గుద్దిన క్షణపు వేగమును దగ్గింపజాలదు.

ఇది యొక్క బండికిని కాయకును మాత్రమే చెల్లు మాట కాదు. నదీప్రవాహమును గూడ నిట్లే కొలుతురు. ఒక సెకనులో నొక ఘనపుటడుగు నీరు పారినచో నది యొక క్యూసెక్కు. నూరుకోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టి.ఎం.సి. మొదటిది వేగమువంటిది, రెండవది గడచిన దూరమువంటిది. కృష్ణానదీజలముల వివాదమును విచారించిన బచావతు ట్రిబ్యునలు, నూటికి 75 సంవత్సరములు నమ్మదగిన సాలీనా జలరాశిని 2060 టి.ఎం.సి.లుగా నిర్ణయించెను. సంవత్సరమంతయు నీ నీరు సమముగా బారినచో ప్రవాహము సుమారు 65,300 క్యూసెక్కులగును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశము బ్యారేజివద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులను ముట్టినది. అనగా నా సరాసరికి పదియేడున్నర రెట్లు!

రెండు కొలతలును గావలసినవే. పైరునకు నీరు పంచు రైతునకు సాలీనా మొత్తము గావలయును. 1852లో నారంభమై 1855లో ముగిసిన ఆనకట్టయు, దాని పిమ్మట 1957లో వెలసిన బ్యారేజియు డెల్టాను బోషించినది యీ మొత్తముతోనే. కాని గేట్లెత్తువానికిని, గట్టు కాచువానికిని, లోతట్టున నిల్లు గట్టుకొనువానికిని గావలసినది యా క్షణపు ప్రవాహము. ఆ దినములయందే బుడమేరు గట్లు తెగి సింగునగరు ప్రాంతమున నిండ్లు మునిగినవి. ఏటిలో చాలకాలము చిన్నవాగుగా గనబడు బుడమేరును జూచి, దాని సరాసరినే దాని స్వభావమనుకొని, నీటిదారిలో బట్టణము పెంచినవార మందరము. వాగు మనల మోసగింపలేదు. మనము చూచిన లెక్కయే వేరు.

విద్య యనగా సూత్రములను వల్లించుట కాదు. ఏ ప్రశ్నకే కొలత తగునో యెరుగుట. మరునాడు మే మా బాలికను బల్లయొద్దకు బిలిచి, కొబ్బరికాయ లెక్కను ఆమెచేతనే చేయించితిమి. 9.8049 వచ్చిన పిదప నామె సుద్దముక్క క్రిందబెట్టి, "అయితే మాస్టారూ, ఇల్లు కట్టేవాళ్లు వరద సరాసరి కాదండీ, వరద పొంగిన రోజు లెక్క అడగాలి" అన్నది. మేము చెప్పదలచిన పాఠమును ఆ బాలికయే ముగించినది.