కాస్ కొండ మీది పాత ఇంజను

వెస్ట్ వర్జీనియా రాష్ట్రం పోకహాంటస్ కౌంటీలో కాస్ అనే చిన్న ఊరు ఒకటి ఉంది. ఆ రాష్ట్రంలో ప్రాక్టీసు చేసిన మన డాక్టర్లు చాలామందే ఉన్నారు గనుక కొందరు పాఠకులు పిల్లల్ని తీసుకుని వెళ్ళే ఉంటారు. అక్కడి ఆవిరి రైలెక్కి, బాల్డ్ నాబ్ శిఖరం దాకా పోయి, ఫోటోలు తీసుకుని, వెంట తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేసి ఉంటారు. మేమూ మొదటిసారి అదే చేశాం. రెండోసారి వెళ్ళినప్పుడు మాత్రం నేను రైలెక్కలేదు. ఇంజన్లు బాగుచేసే షెడ్డు దగ్గరే నిలబడిపోయాను. మా బావగారు (ఆయన డాక్టరు) పిల్లల్ని కొండెక్కించి దించి తీసుకొచ్చేదాకా కదల్లేదు. "రైలు చూడ్డానికి వచ్చి గరాజు చూస్తావేమయ్యా" అని ఆయన ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంటారు.

నన్ను అక్కడ నిలబెట్టింది ఐదో నంబరు ఇంజను. 1905లో ఒహాయో రాష్ట్రంలోని లైమా పట్టణంలో తయారైంది. కాస్ కోసమే కొన్నారు, కాస్‌లోనే ఉంది. అప్పట్లో దాని పని అడవిలో కొట్టిన దుంగల్ని కోత మిల్లుకి దించడం. ఇప్పుడు యాత్రికుల్ని కొండెక్కించడం. మధ్యమధ్య మరమ్మతుకి షెడ్డులో పడుకున్నా, మళ్ళీ లేచి కొండెక్కే ఇంజనే అది. ఇన్నేళ్ళలో దాన్ని తీసి పారేయడానికి కారణాలు ఎన్నో వచ్చాయి. చాలావరకు న్యాయమైన కారణాలే. అయినా అది ఎలా మిగిలిందన్నదే నాకు పట్టుకున్న ప్రశ్న. నా ఉద్యోగమే పాత యంత్రాలు తీయించి కొత్తవి పెట్టించడం కాబట్టి కాస్త గుచ్చుకుంది కూడా.

ముందు ఆ ఇంజను పుట్టుక గురించి చెప్పాలి. ఎఫ్రాయిం షే అనే ఆయన 1839లో ఒహాయోలో పుట్టాడు. 1870లలో మిషిగన్‌లో కోత మిల్లు నడిపేవాడు. ఆ రోజుల్లో దుంగలు లాగడమంటే చలికాలపు పని. మంచు పడి నేల గట్టిపడితే జారుడుబండ్ల మీద గుర్రాలతో లాగించేవారు. మంచు సరిగా పడని ఏడు దుంగ అడవిలోనే, కూలీ ఇంట్లోనే. షే కొయ్య పట్టాలు వేయించి వాటి మీద బండ్లు నడిపించాడు. పల్లంలోకి దిగేటప్పుడు బరువు బండి వెనకనుంచి తరుముకొచ్చి గుర్రాల మీద పడేది. సరే, ఆవిరి ఇంజను పెడదామంటే, మామూలు రైలింజను బరువుకి కొయ్య పట్టాలు చితికిపోతాయి. మిల్లు యజమానికి ఎదురైన చిక్కుని మిల్లు యజమానే విప్పుకున్నాడు. 1881లో పేటెంటు పుచ్చుకున్నాడు. లైమాలోని కార్ఖానా ఆ ఇంజన్లని చేసి అమ్మింది. 1945 దాకా సుమారు 2,770 షే ఇంజన్లు అక్కడినుంచి బయటికి వచ్చాయి.

షే చేసిన తిరకాసు ఏమిటో ఇంజనీర్లు కానివారికి కూడా సులువుగానే అర్థమవుతుంది. మామూలు ఆవిరి ఇంజనులో పిస్టను కడ్డీలు నేరుగా పెద్ద చక్రాలను తిప్పుతాయి. ఆ చక్రాలన్నీ ఒకే చట్రంలో బిగిసి ఉంటాయి. చదును నేల మీద పరుగుకి అది బ్రహ్మాండం. ఎగుడుదిగుడు పట్టాల మీద, ఇరుకు మలుపుల్లో పనికిరాదు. షే ఇంజనులో సిలిండర్లు నిలువుగా, కుడిపక్కన, బయటికి కనబడేలా ఉంటాయి. పెద్ద ఇంజన్లకి మూడు. ఆ బరువుకి సరితూగేలా బాయిలరును ఎడమకి జరిపారు. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజను పక్కకి ఒరిగిందేమో అనిపిస్తుంది. సిలిండర్లు తిప్పే ఇరుసు ఇంజను పొడుగునా కుడిపక్కనే సాగుతుంది. మలుపుల్లో వంగడానికి, లారీ కింద ఉండే షాఫ్టుకి ఉన్నట్టే, దానికి యూనివర్సల్ జాయింట్లు ఉంటాయి. ఆ ఇరుసు మీది చిన్న పళ్ళచక్రాలు రైలు చక్రాలకు అమర్చిన పెద్ద పళ్ళచక్రాలను తిప్పుతాయి. ప్రతి చక్రమూ లాగుతుంది. ఇంజను బరువంతా లాగడానికే పనికొస్తుంది. వేగం మాత్రం అడక్కండి, గంటకి పది పన్నెండు మైళ్ళంటే గొప్ప. కానీ మామూలు రైలు మార్గాల్లో వంద అడుగులకి రెండడుగుల ఎత్తు ఉంటేనే కష్టం అంటారు. కాస్‌లో ఇది తొమ్మిది అడుగులు, అక్కడక్కడా పదకొండడుగుల వాలు ఎక్కుతుంది.

షెడ్డు దగ్గర నిలబడి నేను గమనించింది వేరే. చెడిపోయే భాగాలన్నీ బయటే ఉన్నాయి. పళ్ళచక్రం అరిగితే కనబడుతుంది. బేరింగు కాలితే చెయ్యి పెట్టి చూడవచ్చు. అడవిలో, ఊరికి పది మైళ్ళ దూరంలో, సుత్తి, రెంచి, కొలిమి తెలిసిన మనిషి దాన్ని అక్కడే విప్పి బిగించగలడు. షే ఈ సంగతి ఆలోచించే చేశాడో, పళ్ళచక్రాలు పెట్టడానికి వేరే దారిలేక బయట పెట్టాడో నాకు తెలియదు గానీ, ఆ ఇంజను ఆయుష్షు అక్కడే ఉంది.

బాగుచేసేవాడికీ, కొత్తది కనిపెట్టేవాడికీ చుట్టరికం ఉందనడానికి ఇదే ఇంజను చరిత్రలో ఒక కథ ఉంది. ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లండ్‌లో విలామెట్ ఐరన్ అండ్ స్టీల్ వర్క్స్ అనే కార్ఖానా ఉండేది. పడమటి తీరపు అడవుల్లో తిరిగే షే ఇంజన్లు మరమ్మతుకి అక్కడికి వచ్చేవి. ఏది ఎక్కడ విరుగుతుందో, ఏ భాగం ఎన్నాళ్ళకి అరుగుతుందో తయారు చేసినవాళ్ళ కన్నా బాగుచేసినవాళ్ళకే ఎక్కువ తెలుస్తుంది కదా. షే పేటెంట్ల గడువు తీరాక 1922లో వాళ్ళు ఆ లోపాలన్నీ సరిదిద్ది సొంత ఇంజను చేశారు. 1929 దాకా చేసినవి 33 మాత్రమే. అయినా లైమా వారికి గుబులు పుట్టింది. 1927లో వాళ్ళు కూడా మెరుగుపరిచిన 'పసిఫిక్ కోస్ట్ షే'ని దింపారు. కొత్త నమూనా వచ్చిందంటే దాని వెనక పాత నమూనాని విప్పిన చేతులు కొన్ని ఉంటాయన్నమాట. మరమ్మతు, మార్పు ఒకదానికొకటి శత్రువులని నేను కాలేజీలో చదువుకున్న లెక్కలు చెప్పేవి.

ఇక కాస్ సంగతి. వెస్ట్ వర్జీనియా పల్ప్ అండ్ పేపర్ కంపెనీ 1901 ప్రాంతంలో ఈ ఊరు కట్టించింది. కొండమీది స్ప్రూస్ చెట్లు కొట్టి, కొంత కోత మిల్లుకి, కొంత కాగితం మిల్లుకి పంపేవారు. షే ఇంజను గొప్పతనం చెబుతూ దాని పాపం దాచకూడదు. ఎద్దులు, గుర్రాలు ఎక్కలేని వాలు కూడా ఈ ఇంజను ఎక్కింది గనుక, అంతకుముందు మనిషి చెయ్యి పడని అడవి కూడా నేలకూలింది. 1920ల నాటికి ఆ రాష్ట్రంలో ఆది నుంచి ఉన్న అడవి దాదాపు అయిపోయింది. వదిలేసిన కొమ్మలకి నిప్పంటుకుని కొన్నిచోట్ల మట్టి కూడా కాలిపోయి బండలు తేలాయి. ఇప్పుడు రైల్లోంచి మనం చూసి మురిసే పచ్చదనం ఆ తరవాత మళ్ళీ పెరిగింది.

ఈలోపు కొత్త యంత్రాలు వచ్చాయి. 1901లోనే మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లంబార్డ్ పట్టాలు అక్కర్లేకుండా, తన గొలుసుబెల్టు మీద తానే పాకే ఆవిరి బండికి పేటెంటు తీసుకున్నాడు. కాలిఫోర్నియాలో హోల్ట్ ట్రాక్టరు వచ్చింది. హోల్ట్, బెస్ట్ కంపెనీలు 1925లో కలిసి కేటర్‌పిల్లర్ అయ్యాయి. తరవాత డీజిలు, లారీలు, చేత్తో పట్టుకునే గొలుసు రంపాలు. రైలుకి ముందు పట్టాలు వేయాలి, చెట్లయిపోతే పీకి ఇంకోచోట వేయాలి. ఇంజనుకి డ్రైవరు, బొగ్గు వేసేవాడు, బ్రేకు మనిషి కావాలి. దారిపొడుగునా నీళ్ళు కావాలి. నిప్పురవ్వ ఎగిరితే అడవి అంటుకుంటుంది. ట్రాక్టరుకీ లారీకీ ఈ బాధలు లేవు. 1930లలో, 40లలో లెక్కలు వేసి షే ఇంజన్లను తుక్కుకి అమ్మిన యజమానులను తప్పుపట్టలేం. వాళ్ళ స్థానంలో నేనున్నా అదే సంతకం పెట్టేవాణ్ణి.

కాస్‌లో ఆ సంతకం పడలేదు. కారణం పాతవాటి మీద ప్రేమ కాదు. 1942లో మోవర్ లంబర్ కంపెనీ ఈ మిల్లునీ, రైలునీ కొంది. మళ్ళీ పెరిగిన అడవినే కొట్టుకుంటూ, ఉన్న ఇంజన్లతోనే లాక్కొచ్చింది. పట్టాలు ఉన్నాయి, షెడ్డు ఉంది, పని తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. ఉన్నదాంతో సర్దుకోవడం అలవాటైన ఇంట్లో తాతగారి గడియారం మిగిలినట్టు ఇంజన్లు మిగిలాయి. చివరికి 1960 జూలైలో మిల్లు మూతపడింది. రైలు తుక్కువాళ్ళ చేతికి పోయింది. అప్పుడు పెన్సిల్వేనియా నుంచి రసెల్ బామ్ అనే రైలు అభిమాని వచ్చి, ఊరివాళ్ళని కూడగట్టి, రాష్ట్ర ప్రభుత్వం చుట్టూ తిరిగాడు. 1961లో శాసనసభ ఒప్పుకుంది. 1963లో దుంగల బండ్లకే బెంచీలు, పైకప్పు వేసి యాత్రికుల రైలు మొదలుపెట్టారు. 1972లో షెడ్డు కాలిపోయింది, మళ్ళీ కట్టుకున్నారు. 2015 నుంచి రైలు నడిపే బాధ్యత ఒక ప్రైవేటు రైల్వే సంస్థది.

అదే షెడ్డులో ఆరో నంబరు ఇంజను కూడా ఉంటుంది. నాకు దాని కథ మరీ విచిత్రంగా తోచింది. 1945లో లైమావారు చేసిన చిట్టచివరి షే ఇంజను అది. 162 టన్నులు. వెస్టర్న్ మేరీలండ్ రైల్వే ఒక బొగ్గు గని కోసం కొంది. నాలుగైదేళ్ళకే దాని పని అయిపోయి, 1953లో బాల్టిమోరు మ్యూజియంకి చేరింది. 1980ల మొదట్లో మారకం మీద కాస్‌కి వచ్చి మళ్ళీ పనిలో చేరింది. మరి చేసిన కంపెనీ ఏమైంది? లైమావారు 1949లో ఆవిరి ఇంజన్లు మానేసి డీజిలుకి మారారు. రెండేళ్ళకే, 1951లో, రైలింజన్ల వ్యాపారమే ముగిసింది. కొత్తదానికి మారిన కంపెనీ పోయింది, అది చేసిన పాత సరుకు కొండెక్కుతోంది. దీంట్లో నీతి వెతకద్దు, డీజిలు తప్పేమీ లేదు.

షెడ్డులో ఏం చేస్తారంటే, లేని భాగాన్ని పాతదాని కొలతలు తీసి గీసుకుంటారు, పోత పోయించుకుంటారు, లేతు మీద చెక్కుకుంటారు. బాయిలరు మాత్రం ఆటలాడే వస్తువు కాదు. ఆవిరి ఇంజన్ల గురించి అమెరికాలో ఒక ఫెడరల్ నియమం ఉంది. 1,472 రోజులు పనిచేసినా, లేదా 15 ఏళ్ళు గడిచినా, ఏది ముందైతే అప్పుడు, గొట్టాలన్నీ ఊడదీసి లోపలి రేకు మందం అంగుళమంగుళం కొలవాలి. ఇది విని మా బావగారు, "మా స్ట్రెస్ టెస్టు కన్నా మీదే నయం, విప్పి చూస్తారు" అన్నారు. ఆయన పేషెంట్లలో మోకాలు బాగుచేయించుకోవాలా మార్పించుకోవాలా అని ఏళ్ళ తరబడి తేల్చుకోలేనివాళ్ళు బోలెడుమంది.

ఇక నా సంగతి. పదిహేనేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కర్మాగారంలో 1960ల నాటి పెద్ద లేతు ఉండేది. దాన్ని బాగుచేయించాలా మార్చాలా అని నన్ను లెక్క వేయమన్నారు. ఖర్చు, ఆగిపోయే రోజులు, గంటకి ఎన్ని ముక్కలు అన్నీ వేశాను. కంప్యూటరుతో నడిచే కొత్త యంత్రం సునాయాసంగా గెలిచింది. పాత లేతు నడిపే పెద్దాయన్ని, "పళ్ళచక్రం పోతే ఏం చేస్తారు?" అని అడిగితే, "దీని మీదే ఇంకోటి చేసుకుంటాను" అన్నాడు. నవ్వి రాసుకోలేదు. కొత్త యంత్రం బాగానే పనిచేసింది, తొమ్మిదేళ్ళు. తరవాత దాని కంట్రోలు బోర్డు పోయింది. అది తయారు చేయడం మానేశారు. ఇనుమంతా నిగనిగలాడుతుండగానే యంత్రం మూలపడింది. పెద్దాయన అప్పటికే రిటైరయ్యాడు. నా అంకెల్లో తప్పులేదు, ఇప్పుడు మళ్ళీ వేసినా అవే వస్తాయి. ఆయన జవాబు రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు, అంతే.

కాస్ షెడ్డు చూస్తుంటే నాకు బెజవాడ ఆటోనగర్ గుర్తుకొచ్చింది. 1960లలో వెలిసిన ఆ పేటలో లారీని ఎముకలగూడు చేసి మళ్ళీ నిలబెట్టేవాళ్ళు ఉన్నారు. నా చిన్నప్పుడు మా ఊరి రైసుమిల్లులో ఒక ఆయిల్ ఇంజను ఉండేది. దాని చప్పుడుతోనే మాకు తెల్లవారేది. అది ఆగిందంటే మా బాబాయి ఆ పాడైన భాగాన్ని గోనెసంచిలో చుట్టుకుని బస్సులో బెజవాడ వెళ్ళేవాడు. మర్నాటి సాయంత్రానికి ఇంజను మళ్ళీ మోగేది. కరెంటు మోటారు పెట్టాక దాన్ని తూకానికి అమ్మేశారు. మోటారు నయమే, దానికి చప్పుడు లేదు, పొగ లేదు.

కాస్ నుంచి వచ్చాక బాబాయికి ఫోను చేసి ఈ ఐదో నంబరు ఇంజను సంగతంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "టిక్కెట్టు ఎంత పెట్టారు?" అన్నాడు. చెప్పాను. రూపాయల్లోకి మార్చుకుంటున్నాడు కాబోలు, కాసేపు మాట్లాడలేదు. తరవాత, "మన ఇంజనుని కిలోల లెక్కన అమ్మామురా" అన్నాడు.